పాత్‌ఫైండర్ రీమాస్టర్: పుస్తకాలు ఎందుకు మార్చారు, ఆట ఎంత మారింది?

పాత్‌ఫైండర్ అనే టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ రెండో ఎడిషన్ నేర్చుకుందామని ఇవాళ ఎవరైనా కూర్చుంటే మొదటి అరగంటలోనే తికమక పడతారు. స్నేహితుడి దగ్గర ‘కోర్ రూల్‌బుక్’ అనే లావుపాటి పుస్తకం ఉంటుంది. ఆన్‌లైన్ షాపులో చూస్తే ఆ పేరుతో కొత్త ముద్రణ ఉండదు. ‘ప్లేయర్ కోర్’, ‘ప్లేయర్ కోర్ 2’, ‘జీఎం కోర్’, ‘మాన్‌స్టర్ కోర్’ అని నాలుగు కనిపిస్తాయి. పాత యూట్యూబ్ వీడియోలో మేజిక్ మిస్సైల్ అనే మంత్రం గురించి గంటసేపు చెప్తారు, కొత్త పుస్తకంలో వెతికితే ఆ పేరే ఉండదు. అయినా రెండూ రెండో ఎడిషన్ పుస్తకాలే. మరి రీమాస్టర్ అని పిలిచే ఈ కొత్త వరుస మూడో ఎడిషన్‌కు దొంగదారా, పాత పుస్తకానికి కొత్త అట్టా, లేక అభిమానుల జేబులు ఖాళీ చేసే ఎత్తా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ మార్పు ఆట బాగుచేద్దామని మొదలైంది కాదు, లైసెన్సు గొడవలోంచి పుట్టింది. పుస్తకాల్లో ఏది పోయింది, ఏది మిగిలింది అన్నది ఆ గొడవ వైపు నుంచి చూస్తే దాదాపు అంతా అర్థమవుతుంది. ఆట డిజైన్ వైపు నుంచి చూస్తే సగం మార్పులకు కారణమే దొరకదు.

కొత్తవాళ్ళ కోసం రెండు మాటలు. టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్ అంటే నలుగురైదుగురు కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రను పట్టుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. ఒకరు గేమ్ మాస్టర్‌గా (జీఎం) ఉండి ప్రపంచాన్ని, శత్రువులను చూసుకుంటారు. బోర్డు లేకపోయినా ఆట సాగుతుంది, రూల్స్ పుస్తకం లేకపోతే సాగదు. అందుకే ఈ రంగంలో కంపెనీ అంటే ప్రచురణ సంస్థే, దాని పుస్తకాల వరుస మారిందంటే ఆట మారినట్టే.

పాత్‌ఫైండర్ రూల్స్‌కు మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ అంటారు) 1974లో వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాని కర్తలు, టీఎస్ఆర్ దాని ప్రచురణకర్త. 1997లో టీఎస్ఆర్‌ను విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొన్నది, 1999లో విజార్డ్స్‌ను హాస్బ్రో కొన్నది. మన కథకు అసలు ముఖ్యమైన ఏడాది 2000. ఆ ఏడు డీ అండ్ డీ మూడో ఎడిషన్‌తో పాటు ఓపెన్ గేమ్ లైసెన్స్ అనే పత్రం కూడా విడుదలైంది. అందరూ ఓజీఎల్ అంటారు. మా రూల్స్‌లో ఈ భాగాన్ని మీరూ వాడుకోండి, మీ సాహసగాథలు మీరు రాసి అమ్ముకోండి, మాకు పైసా ఇవ్వక్కర్లేదు అన్నది దాని సారాంశం. చిన్న చిన్న ప్రచురణకర్తలు వందల సంఖ్యలో పుట్టుకొచ్చారు.

వాళ్ళలో ఒకటి పైజో. 2002లో విజార్డ్స్ మాజీ ఉద్యోగి లిసా స్టీవెన్స్, మరికొందరు కలిసి పెట్టారు. మొదట్లో వీళ్ళ పని విజార్డ్స్ తరఫున ‘డ్రాగన్’, ‘డంజన్’ పత్రికలు నడపడం. 2007లో విజార్డ్స్ ఆ లైసెన్సును పొడిగించలేదు. చేతిలో ఉన్న ప్రధాన వ్యాపారం పోయింది. అదే ఏడాది పైజో తన సొంత సాహసగాథల వరుస మొదలుపెట్టి దానికి పాత్‌ఫైండర్ అని పేరు పెట్టింది. 2008లో డీ అండ్ డీ నాలుగో ఎడిషన్ ఓజీఎల్ కాకుండా బాగా బిగించిన వేరే లైసెన్సుతో వచ్చింది. పైజో ఆ బండి ఎక్కలేదు. ఓజీఎల్ కింద అందుబాటులో ఉన్న 3.5 రూల్స్‌నే, అంటే మూడో ఎడిషన్ సవరించిన రూపాన్నే, మెరుగుపరిచి 2009 ఆగస్టులో పాత్‌ఫైండర్‌ను పూర్తిస్థాయి ఆటగా తెచ్చింది. నాలుగో ఎడిషన్ నచ్చని పాత ఆటగాళ్ళకు అదే ఇల్లయింది. 2017లో అంతరిక్ష నేపథ్యంతో స్టార్‌ఫైండర్, 2019 ఆగస్టులో పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ వచ్చాయి.

రెండో ఎడిషన్ నాటికి ఆట అస్థిపంజరం పూర్తిగా పైజోదే. ఒక వంతుకు మూడు చర్యలు, పాచికతో చేరుకోవాల్సిన గురి సంఖ్యకు పది ఎక్కువ వస్తే క్రిటికల్ సక్సెస్, పది తక్కువైతే క్రిటికల్ ఫెయిల్యూర్ వంటివి పాత డీ అండ్ డీలో లేవు. కానీ మంత్రాల పేర్లు, రాక్షసాలు (మాన్‌స్టర్లు), మంత్రవిద్య శాఖలు, మంచి చెడుల తొమ్మిది గడుల పట్టిక మాత్రం 2000 నాటి వారసత్వమే. కాబట్టి ప్రతి పుస్తకం చివరి పేజీలోనూ ఓజీఎల్ అచ్చవుతూనే వచ్చింది.

2023 జనవరి 5న గిజ్మోడో అనే వార్తా సైట్‌లో ఒక వార్త వచ్చింది. విజార్డ్స్ కొత్త ఓజీఎల్ తయారుచేస్తోంది, దాని ముసాయిదా బయటపడింది. ఏడాదికి 7,50,000 డాలర్లకు మించి రాబడి ఉన్నవాళ్ళు ఆపై మొత్తం మీద 25 శాతం వరకు రాయల్టీ కట్టాలి. లాభం మీద కాదు, రాబడి మీద. కాగితం, ప్రింటింగ్, బొమ్మలు వేసినవాళ్ళ డబ్బు, రవాణా అన్నీ పోను చిన్న ప్రచురణకర్తకు మిగిలేదే కొంచెం, అలాంటప్పుడు రాబడి మీద పాతిక శాతం అంటే దుకాణం మూసుకోమన్నట్టే. దానికంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. పాత ఓజీఎల్ ఇక చెల్లదు అని ఆ ముసాయిదా ప్రకటించింది. పాత లైసెన్సులో తొమ్మిదో సెక్షన్ ‘అధీకృతమైన’ ఏ వెర్షన్‌నైనా వాడుకోవచ్చు అంటుంది. అయితే పాత వెర్షన్‌కు ఆ అధికారం మేము తీసేస్తున్నాం అన్నది విజార్డ్స్ వాదన.

ఇరవై ఏళ్ళుగా కౌలు భూమిలో తోట వేసుకుని బతుకుతున్న రైతుకు, నీ కౌలు కాగితం రేపటి నుంచి చెల్లదు అని ఆసామి చెప్పినట్టయింది. కోర్టుకెళ్తే రైతే గెలవచ్చు. పైజో కూడా అదే అన్నది. జనవరి 12న ఒక ప్రకటనలో, ఓజీఎల్‌ను రద్దు చేసే హక్కు ఎవరికీ లేదని, అవసరమైతే కోర్టులో వాదిస్తామని చెప్పింది. ఆ లైసెన్సు పుట్టినప్పుడు విజార్డ్స్‌లో న్యాయవాదిగా దాని మీద పనిచేసిన బ్రయన్ లూయిస్ ఇప్పుడు పైజో పక్కన ఉన్నారు. అయినా ఆ ప్రకటనలోనే ఇంకో దారి కూడా ఉంది. ఏ ఒక్క కంపెనీ చేతిలోనూ లేని కొత్త లైసెన్సు ఒకటి రాయిస్తాం, దాని పేరు ఓఆర్‌సీ అని.

జనవరి 27న విజార్డ్స్ వెనక్కి తగ్గింది. పాత ఓజీఎల్‌ను ముట్టుకోం అన్నది. డీ అండ్ డీ ఐదో ఎడిషన్ మూల రూల్స్‌ను ఎవరైనా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద పెట్టేసింది, అంటే ఇక తిరిగి తీసుకునే వీలు లేదు. చాలామంది ఇక్కడే, గొడవ అయిపోయింది కదా, పైజో ఎందుకు ఆగలేదు అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్నే. క్రియేటివ్ కామన్స్‌లోకి వెళ్ళింది ఐదో ఎడిషన్ రూల్స్. పైజో పుస్తకాలు పుట్టింది 3.5 రూల్స్‌లోంచి, అవి ఓజీఎల్ కిందే మిగిలిపోయాయి. ముట్టుకోం అన్న మాట ఒక హామీ మాత్రమే. యాజమాన్యం మారితే ఆ హామీ ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? 2007లో ఒకసారి ఇదే కంపెనీ చేతిలో లైసెన్సు పోగొట్టుకున్న సంస్థ మూడోసారి కోసం ఎదురుచూడకపోవడం నాకు తెలివైన పనిగానే కనిపిస్తుంది. దానికి తోడు ఆ జనవరిలో ఎనిమిది నెలలకు సరిపోతుందనుకున్న కోర్ రూల్‌బుక్ నిల్వలు రెండు వారాల్లో అమ్ముడైపోయాయని పైజోయే చెప్పింది. ఎలాగూ మళ్ళీ అచ్చు వేయాల్సిందే. వేసేదేదో ఓజీఎల్ లేకుండా వేస్తే సరి. 2023 ఏప్రిల్‌లో రీమాస్టర్ ప్రకటన వచ్చింది.

ఓఆర్‌సీ తుది పాఠం జూన్ చివర్లో సిద్ధమైంది. అది పైజో పేరు మీద లేదు, అజోరా లా అనే న్యాయసంస్థ చేతిలో ఉంది. లైసెన్సు ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకునే వీలు లేదని స్పష్టంగా రాసి ఉంది. ఆట నడిచే యంత్రాంగం అందరికీ తెరిచి ఉంటుంది, కథలు, పాత్రల పేర్లు, బొమ్మలు రాసుకున్నవాళ్ళకే ఉంటాయి. ఓజీఎల్ సరుకును, ఓఆర్‌సీ సరుకును ఒకే పుస్తకంలో కలపడం కుదరదు. పాత పుస్తకాల్లో నాలుగు పేజీలు సవరించి కొత్త లైసెన్సు అతికించకుండా మొత్తం తిరగరాయాల్సి రావడానికి కారణం ఇదే.

మరి ఏం తీసేయాలి? అమెరికా చట్టం ప్రకారం ఆట రూల్స్‌కు కాపీరైట్ ఉండదు. ఇరవై ముఖాల పాచిక వేసి ఒక సంఖ్య కలపడం ఎవరి సొత్తూ కాదు. వాటిని చెప్పిన మాటలకు, పేర్లు, వర్ణనలు, అమరికలతో కూడిన ప్రత్యేక వ్యక్తీకరణకు మాత్రం కాపీరైట్ ఉంటుంది. గీత ఎక్కడ పడుతుందన్నది ఒక్కో కేసును బట్టి తేలే విషయం, కాబట్టి పైజో కాస్త దూరంగానే గీసుకుంది.

ఈ గీత అర్థం కావడానికి మన రాక్షసుడినే తీసుకోండి. రామాయణ, భారతాల్లో ఉన్న రాక్షసులు లోకం సొత్తు, ఎవరైనా ఆటలో పెట్టుకోవచ్చు. కానీ పులి తల, వెనక్కి తిరిగిన అరచేతులు ఉన్న రాక్షసుడు డీ అండ్ డీలో ఉన్న రూపం. మన కథల్లో రాక్షసుడి మామూలు రూపం అది కాదు. పేరు వాడుకుంటే ఏ ఇబ్బందీ లేదు, ఆ అరచేతులతో సహా వాడుకుంటే ప్రశ్న వస్తుంది. పైజో తన రాక్షసాలన్నింటినీ ఇలాంటి పరీక్షకే పెట్టాల్సి వచ్చింది. గోబ్లిన్ జానపద కథల్లో ఉంది, కాబట్టి ఉంది. డ్రౌ అనే నల్లని పాతాళ ఎల్ఫ్ జాతి మనకు తెలిసిన రూపంలో డీ అండ్ డీ సృష్టి, కాబట్టి పోయింది. పైజో 2008లో డ్రౌల మీదే ఒక పూర్తి సాహసగాథల వరుస నడిపింది. ఇప్పుడు ఆ పాతాళంలో వాళ్ళ జాగాను పాము మనుషులు తీసుకున్నారు. పాత ఆటగాళ్ళకు ఇది గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాల్సిందే కూడా. పదిహేనేళ్ళ కథలో ఒక ముక్క ఎగిరిపోయింది.

డ్రాగన్ల విషయంలో మాత్రం నాకు నష్టం కనిపించదు. పాత పద్ధతిలో ఎరుపు, నలుపు, తెలుపు వంటి రంగుల డ్రాగన్లు చెడ్డవి, బంగారం, వెండి వంటి లోహాల డ్రాగన్లు మంచివి. గుహలో ఎర్ర రెక్క కనపడగానే టేబుల్ దగ్గర అందరికీ అంతా తెలిసిపోయేది: చెడ్డది, నిప్పు కక్కుతుంది, అగ్ని రక్షణ మంత్రాలు తీయండి. మాన్‌స్టర్ కోర్‌లో డ్రాగన్లను ఆర్కేన్, డివైన్, అకల్ట్, ప్రైమల్ అనే నాలుగు మంత్ర సంప్రదాయాల ప్రకారం పంచారు. రాజుల దర్బారుల్లో దూరి కుట్రలు నడిపే కాన్‌స్పిరేటర్ డ్రాగన్, మాయరూపాలతో మురిసిపోయే మిరాజ్ డ్రాగన్, రాబోయే కీడును ముందే చూసే ఓమెన్ డ్రాగన్ వచ్చాయి. ఇవి పాత్‌ఫైండర్‌కే సొంతం, వేరే ఆటలో కనపడవు. చట్టం భయంతో మొదలైన పని ఇక్కడ అసలైన కల్పనకు దారితీసింది.

మంత్రాల్లో ఎక్కువ భాగం పేర్ల మార్పే. మేజిక్ మిస్సైల్ ఇప్పుడు ఫోర్స్ బరాజ్. పేరు పక్కన పెట్టి రూల్ చూడండి: ఒక చర్య ఖర్చు పెడితే ఒక తునక, రెండు పెడితే రెండు, మూడు పెడితే మూడు, ఒక్కోటి నాలుగు ముఖాల పాచిక మీద ఒకటి కలిపి దెబ్బ వేస్తుంది. ముందూ అంతే, ఇప్పుడూ అంతే. బర్నింగ్ హ్యాండ్స్ బ్రీద్ ఫైర్ అయింది. శత్రువు ఏమరుపాటులో ఉంటే రక్షణకు రెండు తగ్గించే స్థితిని ఫ్లాట్-ఫుటెడ్ అనేవారు, ఇప్పుడు ఆఫ్-గార్డ్. తగ్గేది అదే రెండు. పాత సాహసగాథ నడిపే గేమ్ మాస్టర్‌కు ఈ పేర్లు నాలుకకు అలవాటవడమే పని.

నిజంగా ఆటను కదిపింది మాత్రం అలైన్‌మెంట్‌ను తీసేయడం. ధర్మబద్ధం నుంచి అరాచకం వరకు ఒక వరుస, మంచి నుంచి చెడు వరకు ఇంకో వరుస, మొత్తం తొమ్మిది గడులు. ప్రతి పాత్రా ఏదో ఒక గడిలో నిలబడాలి. ఈ పట్టిక మీద టేబుళ్ళ దగ్గర జరిగిన వాదనలకు లెక్కే లేదు: లాఫుల్ గుడ్ (ధర్మబద్ధం, మంచి) గడిలోని పాత్ర ఖైదీని కొట్టొచ్చా, దొంగతనం చేసిన పేదవాణ్ణి పట్టివ్వాలా అని. ఇప్పుడు గడులు లేవు. దేవుడు చేయమన్నవి కొన్ని, చేయకూడదన్నవి కొన్ని ఉంటాయి, పాత్ర వాటికి కట్టుబడి ఉంటుంది. దైవశక్తికి హోలీ, అన్‌హోలీ అనే గుర్తులు మాత్రం మిగిలాయి.

ఇది రూల్స్‌లో ఎలా పనిచేస్తుందో చూడాలంటే డివైన్ లాన్స్ అనే పూజారి మంత్రం చాలు. పాత రూల్ ప్రకారం మంచి దేవుణ్ణి కొలిచే పూజారి వేస్తే అది ‘మంచి’ దెబ్బ వేసేది, ఆ దెబ్బ చెడ్డవాళ్ళకే తగిలేది. దారి కాచిన దొంగ మంచికీ చెడుకూ మధ్యలో ఉండే న్యూట్రల్ గడిలో ఉంటే పూజారి మంత్రం వేసినా ఏమీ అయ్యేది కాదు, ఒక వంతు వృథా, పైగా ఆ దొంగ ఏ గడిలో ఉన్నాడో ఆటగాడికి తెలియదు. కొత్త రూల్‌లో అదే మంత్రం ఆత్మకు దెబ్బ వేస్తుంది, ఆత్మ ఉన్న ఎవరికైనా తగులుతుంది. పవిత్రశక్తికి తట్టుకోలేని దయ్యాలకు, పిశాచాలకు హోలీ గుర్తు వల్ల అదనంగా తగులుతుంది. దైవశక్తితో ఆడేవాళ్ళకు ఇంతకంటే మేలైన సవరణ నాకు కనపడలేదు.

విజార్డ్ (మంత్రగాడు) అనే క్లాస్‌కు, అంటే ఆ రకం పాత్రకు, మాత్రం అన్యాయమే జరిగింది. పాత ఎనిమిది మంత్రవిద్య శాఖలు కూడా డీ అండ్ డీ వారసత్వమని తీసేశారు. ముందు ఇల్యూషన్ శాఖ ఎంచుకుంటే ఆ శాఖలోని ఏ మంత్రాన్నైనా అదనపు స్లాట్‌లో (రోజువారీ మంత్రాల కోటాలో) వేసుకోవచ్చు, కొత్త పుస్తకం వచ్చిన ప్రతిసారీ జాబితా పెరిగేది. ఇప్పుడు స్కూల్ ఆఫ్ బ్యాటిల్ మేజిక్, స్కూల్ ఆఫ్ మెంటలిజం వంటి పాఠశాలలు పెట్టారు, ఒక్కోదానికి ఒక చిన్న పాఠ్యప్రణాళిక. పేర్లు, ఊహ బాగున్నాయి, చేతిలోకి వచ్చే మంత్రాలు తగ్గాయి. గేమ్ మాస్టర్ ఒప్పుకుంటే జాబితా పెంచుకోవచ్చని పుస్తకమే సూచిస్తుంది, కానీ అడిగి తీసుకోవాల్సి రావడం వేరు, హక్కుగా ఉండడం వేరు. దీనికి ఎదురుగా విచ్ క్లాస్ బాగా లాభపడింది. ఆమె పెంపుడు జంతువుకు ఆమె పోషకశక్తిని బట్టి ప్రత్యేక గుణం వచ్చింది, ముందు పేలవంగా ఉండే క్లాస్ ఇప్పుడు కళకళలాడుతోంది. ఎలాగూ తిరగరాస్తున్నాం కదా అని చేసిన మరమ్మతులివి. 18, 16 అనే పాత సామర్థ్య సంఖ్యలను తీసేసి నేరుగా +4, +3 అని రాయడం కూడా అలాంటిదే. ఎప్పుడో చేయాల్సింది.

ఇక పుస్తకాల అమరిక. 2019 కోర్ రూల్‌బుక్ 640 పేజీలు. ఆటగాడికి కావలసినవి, గేమ్ మాస్టర్‌కు కావలసినవి అన్నీ అందులోనే. కొత్తగా చేరే అమ్మాయికి ఆ ఇటుకను చేతికిస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసేది కాదు. 2023 నవంబర్‌లో ఆ సరుకులో చాలా భాగాన్ని 464 పేజీల ప్లేయర్ కోర్, 336 పేజీల జీఎం కోర్‌గా విడదీశారు. 2024 మార్చిలో మాన్‌స్టర్ కోర్, ఆగస్టులో ప్లేయర్ కోర్ 2 వచ్చాయి.

క్లాసుల పంపకంలో చిక్కు ఉంది. పాత కోర్ రూల్‌బుక్‌లో 12 క్లాసులు, అడ్వాన్స్‌డ్ ప్లేయర్స్ గైడ్‌లో ఇంకో 4. ఆ 16 ఇప్పుడు రెండు ప్లేయర్ కోర్లలో ఎనిమిదేసి. ఫైటర్, రోగ్, క్లెరిక్, విజార్డ్, విచ్ వగైరా మొదటిదానిలో. బార్బేరియన్, మాంక్, సోర్సరర్, ఛాంపియన్, ఆల్కెమిస్ట్ రెండోదానిలో. అంటే ముందు ఒక్క పుస్తకంతో మాంక్ ఆడగలిగినవాళ్ళు ఇప్పుడు రెండు కొనాలి. ప్లేయర్ కోర్ విడుదలైనప్పుడు అమెరికా ధర 59.99 డాలర్లు. షిప్పింగ్, కస్టమ్స్ కలిపి ఇక్కడికి తెప్పించుకునే కాలేజీ పిల్లలకు ఇది చిన్న మొత్తం కాదు. పైజో మీద జేబుకు చిల్లు పెట్టారన్న విమర్శకు నేను ఒప్పుకునే చోటు ఇదొక్కటే. మిగతా విషయాల్లో వాళ్ళు దాచిపెట్టిందేమీ లేదు. రూల్స్ మొత్తం, కొత్తవీ పాతవీ రెండూ, ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే సైట్‌లో పైజో అనుమతితోనే ఉచితంగా ఉన్నాయి. హైదరాబాద్‌లో అయినా డల్లాస్‌లో అయినా ఫోన్ ఉంటే చాలు, ఆట మొదలుపెట్టొచ్చు.

పాత పుస్తకాలు ఉన్నవాళ్ళు వాటిని పారేయాల్సిన పనిలేదు. రాక్షసాల బలం, గురి సంఖ్యలు, లెవెల్ లెక్కలు మారలేదు కాబట్టి 2019 నాటి సాహసగాథను కొత్త పాత్రలతో హాయిగా నడపొచ్చు. అలైన్‌మెంట్ దెబ్బ అని కనిపించిన చోట ఆత్మ దెబ్బగా చదువుకుంటే సరి. మధ్యలో వచ్చిన క్లాసులు, ఉదాహరణకు సీక్రెట్స్ ఆఫ్ మేజిక్‌లోని మేగస్, సమనర్, కొత్త రూల్స్‌తో కలిసే ఆడుకోవచ్చు. ఒకే క్లాస్ పాత రూపం, కొత్త రూపం రెండూ ఒకే టేబుల్ మీద పెడితే మాత్రం గందరగోళం తప్పదు, ముఖ్యంగా విచ్, ఛాంపియన్, ఒరకిల్, ఆల్కెమిస్ట్ విషయంలో. కొత్త రూపమే తీసుకోండి. విజార్డ్ ఆడేవాళ్ళు పాత శాఖే కావాలంటే గేమ్ మాస్టర్‌గా నేనైతే కాదనను.

మొదటిసారి కొనేవాళ్ళు ఆటగాళ్ళయితే ప్లేయర్ కోర్ ఒక్కటి చాలు, తమకు నచ్చిన క్లాస్ రెండోదానిలో ఉంటే తప్ప. నడిపేవాళ్ళు మాన్‌స్టర్ కోర్‌ను జీఎం కోర్ కంటే ముందు కొనడం మంచిది. సలహాలు ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు, కానీ రాక్షసాల పుస్తకం చేతిలో ఉండి పేజీలు తిప్పుతుంటేనే కథలు తడతాయి. అంతరిక్షం ఇష్టమైనవాళ్ళకు ఇంకో వెసులుబాటు ఉంది. ఓజీఎల్ మీదే నిలబడిన స్టార్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌ను కూడా పైజో పక్కన పెట్టి, 2025లో రెండో ఎడిషన్ తెచ్చింది. దాన్ని పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ యంత్రాంగం మీదే కట్టారు. మూడు చర్యల వంతు, పాచిక లెక్కలు, లెవెళ్ళు అన్నీ ఒకటే కాబట్టి ఒక ఆట నేర్చుకున్నవాళ్ళు రెండోదానికి మళ్ళీ అ ఆలు దిద్దక్కర్లేదు. గేమ్ మాస్టర్ సరే అంటే లేజర్ తుపాకీ పట్టిన సోల్జర్ పక్కనే మన ప్లేయర్ కోర్ విచ్ కూడా నిలబడి ఆడొచ్చు.